వెనక సీటు

మా తమ్ముడు అనకాపల్లిలో ఇంటి పెరట్లోనే పాత మహీంద్రా జీపుని బండరాళ్ళెక్కేలా మార్చాడు. కమాన్ కట్టలు ఎత్తించాడు, పెద్ద టైర్లు వేయించాడు, బరువని వెనక సీటు పీకేశాడు. స్పానర్లందించింది నేను. డిఫరెన్షియల్ లాక్ ఎందుకో అప్పుడే తెలిసింది. అది లేకపోతే ఇంజను తిప్పేదంతా గాల్లో లేచిన చక్రానికే పోతుంది, రాయిని పట్టుకున్న చక్రం కదలదు. (ఈ లెక్క నాకు కొత్తేమీ కాదు.)

ఊరి బయట బండల మీద నేనూ నడిపాను. "ఆడాళ్ళకి చేతిబలం చాలదమ్మా" అన్నాడు మెకానిక్కు. లో గేరులో జీపు మనిషి నడక కంటే నెమ్మదిగా పైకెక్కింది. బలం గేరుది.

2022లో అనకాపల్లి జిల్లా అయింది. ఈ జిల్లాలోనే రావికమతం, మాడుగుల వైపు కొండ ఊళ్ళ నుంచి నిండు గర్భిణుల్ని ఇంకా డోలీల్లో మోసుకొస్తున్నారు.

"అక్కడికి వెళ్తుందా ఇది?" అనడిగాను.

"వెళ్తుందక్కా" అన్నాడు తమ్ముడు. కాసేపాగి, "వెనక సీటే లేదు" అన్నాడు.