అరకులో మూడు వందల కిలోమీటర్లు

మా అమ్మకి సముద్రం పడలేదు.

నిజానికి మా ప్లాన్ మొత్తం సముద్రమే. పోయిన నవంబర్‌లో మూడు రోజులు సెలవు దొరికితే, ఏలూరులో అమ్మని ఎక్కించుకుని రైల్లో వైజాగ్ వెళ్లాను. మొదటి రోజు రుషికొండ దగ్గర బోటెక్కాం. లైఫ్ జాకెట్ వేసుకుని ఫొటో దిగేవరకూ అంతా బానే ఉంది. ఒడ్డు కాస్త దూరం కాగానే బోటు లేచి పడటం మొదలైంది. అమ్మ మొహం పాలిపోయింది. దిగాక ఇసుకలో కూలబడి, నిమ్మకాయ వాసన చూస్తూ ఒకటే మాట అంది.

"రేపు మళ్లీ నీళ్ల మీదకి తీసుకెళ్లావంటే ఇంటికెళ్లిపోతాను. నేల మీద ఎక్కడికైనా సరే, వస్తా."

వైజాగ్‌లో ఉండి నేల మీద ఎక్కడికైనా అంటే ఇంకెక్కడికి? అరకు.

పొద్దున్నే కిరండూల్ వెళ్లే రైలుకి 2017 నుంచి అద్దాల బోగీ పెట్టారు కదా, దాన్లో వెళ్దామని చూశాను. టికెట్లు లేవు. అందరూ కిటికీ సీటు కోసం కొట్టుకునే ఆ రైలు మార్గం అసలు టూరిస్టుల కోసం వేసింది కాదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని వైజాగ్ పోర్టుకి చేర్చి, అక్కడినుంచి జపాన్‌కి పంపడానికి 1960లలో కొండల్ని తొలిచి వేశారు. యాభైకి పైగా సొరంగాలు. ఈ విషయం ఆరోజు ఫోన్లో చదివి 'వావ్' అనుకుని వదిలేశాను. మళ్లీ గుర్తొచ్చింది మర్నాడు సాయంత్రం.

రైలు లేకపోతే కారు. సెల్ఫ్ డ్రైవ్ యాప్ తెరిచాను.

నల్ల ప్లేటు, పసుపు అక్షరాలు

అద్దె కారు తీసుకోవడం నాకిదే మొదటిసారి. నల్ల నంబర్ ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. దూరం నుంచే అద్దె బండి అని తెలిసిపోతుంది. 24 గంటలకి 300 కి.మీ. లిమిట్. దాటితే కిలోమీటరుకి పది రూపాయలు. ఐదు వేలు డిపాజిట్. షరతులన్నీ చదివాను. టెర్మ్స్ అండ్ కండిషన్స్ చదివే అతి తక్కువ మందిలో నేనొకణ్ణి, అదో జబ్బు. గీత పడితే ఇంత, టైరు పంక్చరైతే ఇంత, సీటు మీద మరక పడితే ఇంత. కారు చుట్టూ తిరిగి వీడియో తీసుకున్నాను. సీట్లు కూడా తీశాను.

లెక్క వేసుకున్నాను. వైజాగ్ నుంచి అరకు దాదాపు 115 కి.మీ. రానూపోనూ 230. బొర్రా, ఇంకో రెండు మూడు చోట్లు కలిపినా 300 లోపే. ఎక్సెల్ షీట్ వెయ్యలేదు కానీ, వేసినంత పని చేశాను.

పొద్దున ఐదున్నరకి బయల్దేరి పెందుర్తి, కొత్తవలస దాటి శృంగవరపుకోటలో ఇడ్లీ తిన్నాం. చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఆపి డిక్కీ తెరిపించారు. గంజాయి కోసం ఈ దారిలో అందర్నీ చూస్తారు. అద్దె బండైతే ఇంకాస్త శ్రద్ధగా చూస్తారు. అమ్మ మాత్రం "మా అబ్బాయి సాఫ్ట్‌వేరండీ" అని చెప్పేసింది. కానిస్టేబుల్ నవ్వి పంపించాడు.

ఆ తర్వాత ఘాట్ రోడ్డు. ఇక్కడ డ్రైవింగ్ హైదరాబాద్ డ్రైవింగ్ కాదు. ప్రతి మలుపుకీ హారన్ కొట్టాలి. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఉంచేయకుండా రెండో గేర్లోనే దిగాలి. టైడా దాటాక చలి మొదలైంది. డముకు వ్యూ పాయింట్ దగ్గర ఆగితే కింద లోయంతా మంచు.

కాఫీ చెట్టుకి గొడుగు

అనంతగిరి చుట్టుపక్కల రోడ్డుకి అటూ ఇటూ కాఫీ తోటలే. తోట అంటే వరసలు కట్టిన మొక్కలు ఊహించుకున్నాను. చూస్తే అడవిలా ఉంది. పైన పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకుని మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. ఎండ నేరుగా తగలకూడదట, అందుకే ఆ గొడుగు. నవంబర్ కాబట్టి ఎర్రటి పళ్లు కోస్తున్నారు. అరకు అరబికాకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో దీని షాపు తెరిచారు. మేం మాత్రం రోడ్డు పక్క బల్ల మీద కూర్చుని గాజు గ్లాసుల్లో తాగాం. పంచదార ఎక్కువైంది. అమ్మకి నచ్చింది.

బొర్రా గుహలు తెరిచే వేళకి అక్కడున్నాం. సున్నపురాయి మీద నీళ్లు చుక్క చుక్కగా కారి, వేల ఏళ్లుగా కట్టిన ఆకారాలు. గైడు టార్చి వేసి "ఇది శివుడు, ఇది ఏనుగు" అంటుంటే, అమ్మ శివుడికి దణ్ణం పెట్టి ఏనుగు దగ్గర మాత్రం అనుమానంగా చూసింది. గోస్తని నది పుట్టేది ఈ కొండల్లోనే. అదే తాటిపూడి మీదుగా వెళ్లి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. "నిన్న వద్దన్న నీళ్ల దగ్గరికే వచ్చావమ్మా" అన్నాను. "ఇవి కదలవుగా" అంది.

బయట బొంగులో చికెన్ తింటూ చుట్టూ చూస్తే, ఇంత టూరిస్టు రద్దీలోనూ పెద్ద హోటళ్లు ఎందుకు లేవా అనిపించింది. కారణం 1970 నాటి చట్టం. అందరూ '1 ఆఫ్ 70' అంటారు. ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్లు కొనడానికి లేదు. ఈ బొర్రా పరిసరాల్లో ప్రైవేటు మైనింగ్ లీజుల మీద నడిచిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన తీర్పుని ఇప్పటికీ దేశమంతా చెప్పుకుంటారు. మనం వ్యూ పాయింట్ అని ఫొటో తీసుకునే ప్రతి కొండా ఎవరిదో ఇంటి పెరడు.

దారిలో సంత తగిలింది. రాజ్మా, పసుపు, కొండచీపుళ్లు, సీతాఫలాలు. ఏలూరు రైతుబజార్లో బెండకాయల దగ్గర అర్ధరూపాయి కోసం యుద్ధం చేసే మా అమ్మ, ఇక్కడ ఒకావిడ చెప్పిన ధరకి మారు మాట్లాడకుండా పసుపు కొనేసింది. "ఏంటమ్మా, బేరం లేదా?" అంటే, "ఆవిడ కాళ్లు చూశావా? ఎంత దూరం నడిచొచ్చిందో" అంది. నేను చూడలేదు. అప్పటికి నేను ఓడోమీటరే చూస్తున్నాను.

అరకు లోయలో వలిసె పూలు విరగబూశాయి. ఎటు చూసినా పసుపే. పొలం రైతుకి ఇరవై రూపాయలిచ్చి ఫొటోలు దిగాం. మూడింటికి వెనక్కి తిరిగాం. లెక్క ప్రకారం ఇంకా చాలా కిలోమీటర్లు మిగిలున్నాయి.

రోడ్డు ఆగిన చోట

ఆ మిగిలినవి వాడేద్దామనే ఆశతోనే, అనంతగిరి రాకముందు మ్యాప్‌లో జలపాతం కనిపిస్తే పక్క రోడ్డులోకి తిప్పాను. ఆరు కిలోమీటర్లని చూపించింది. సిమెంటు రోడ్డు నాలుగు కిలోమీటర్లు సాగి, ఒక కంకర కుప్ప దగ్గర ఆగిపోయింది. తర్వాత ఎర్ర మట్టి కాలిబాట. ఫోన్లో సిగ్నల్ లేదు. బండి వెనక్కి తిప్పుతున్నాను.

అప్పుడు ఆ కాలిబాట మీంచి మనుషులు దిగుతూ కనిపించారు. ముందొకరు, వెనకొకరు, భుజాల మీద లావుపాటి కర్ర. దానికి దుప్పటి ఉయ్యాలలా కట్టి ఉంది. పక్కన ఇంకో ఇద్దరు, ఒక ఆశా కార్యకర్త. డోలీ. పేపర్లో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. చదవడం వేరు. దుప్పట్లోంచి ఒక చెయ్యి కర్రని పట్టుకుని ఉంది. ఆ చేతికి ఆకుపచ్చ గాజులు.

కంకర కుప్ప దగ్గర దించారు. నిండు గర్భిణి. నొప్పులు పొద్దుననగా మొదలయ్యాయట. ఆశా కార్యకర్త చెప్పింది: "సిగ్నల్ వచ్చే గుట్టెక్కి 108కి ఫోన్ చేశాం సార్. బయల్దేరిందన్నారు. మెయిన్ రోడ్డు కాడికి వస్తాది. అక్కడి దాకా మోసుకుపోవాల."

అక్కడి దాకా అంటే నాలుగు కిలోమీటర్లు. ఆమె నన్నేమీ అడగలేదు. కారు వైపు ఒకసారి చూసి, కళ్లు తిప్పుకుంది.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఎవరికీ చెప్పలేదు. నేను పది సెకన్లు ఊరికే నిలబడ్డాను. నా బుర్రలో నడిచింది వరసగా ఇది: సీటు మీద మరక పడితే ఇంత. దారిలో ఏదైనా అయితే? పోలీసులు అడిగితే? అగ్రిమెంట్లో బయటివాళ్లని ఎక్కించుకోవచ్చా? పొద్దున తీసిన సీట్ల వీడియో కూడా గుర్తొచ్చింది.

"ఏరా! వెనక డోరు తియ్యవేంటి?"

అమ్మ అరిచిన అరుపుకి నా చెయ్యి దానంతటదే డోరు మీదకి వెళ్లింది.

వెనక సీట్లో ఆమెని పడుకోబెట్టి తల ఒళ్లో పెట్టుకుంది ఆశా కార్యకర్త. భర్త ముందు కూర్చున్నాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయేమో. అమ్మకి చోటు లేదు. "నేనిక్కడ వీళ్లతో ఉంటా, నువ్వు పో" అంది. నా జీవితంలో అంత నెమ్మదిగా, అంత జాగ్రత్తగా ఎప్పుడూ బండి నడపలేదు. గుంట వచ్చిన ప్రతిసారీ వెనకనుంచి పళ్ల మధ్య బిగబట్టిన శబ్దం. ఆమె ఒక్కసారి కూడా అరవలేదు. సగం దూరంలో ఉమ్మనీరు పోయింది. ఆశా కార్యకర్త "సీటు తడిసిపోనాది సార్" అంది, తప్పు చేసినట్టు. ఆ మాటకి సిగ్గుతో చచ్చిపోయాను.

మెయిన్ రోడ్డెక్కిన ఐదు నిమిషాలకి 108 ఎదురొచ్చింది. స్ట్రెచర్ మీదకి మార్చారు. ఆశా కార్యకర్త నా నంబర్ రాసుకుంది. భర్త నా రెండు చేతులూ పట్టుకున్నాడు కానీ ఏమీ అనలేదు. అంతే. నేను చేసింది నాలుగు కిలోమీటర్ల డ్రైవింగ్. అంతకు ముందు ఆ నలుగురూ ఆమెని గంటన్నర మోసుకొచ్చారు.

వెనక్కి వెళ్లేసరికి అమ్మ వాళ్లతో రాయి మీద కూర్చుని ఉంది. సంతలో కొన్న సీతాఫలాలన్నీ పంచేసింది. పురుడుకి ఇంకా రెండు వారాలుందట. వచ్చే వారం ఆసుపత్రి దగ్గరుండే గర్భిణుల వసతి గృహానికి పంపుదామనుకున్నారట, ఈలోపే నొప్పులొచ్చాయట. ఆ కంకర కుప్ప గురించి కూడా అడిగింది. "రోడ్డేస్తామని పోశారు" అన్నారట. కుప్ప మీద గడ్డి మొలిచి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, నిన్న చదివిన ఖనిజం రైలు. ఈ కొండల్లో ఇనుముకి దారి 1960ల్లోనే పడింది.

దిగేటప్పుడు

చీకటి పడుతుండగా ఘాట్ దిగుతున్నాం. చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

"ఇందాక ఏం ఆలోచించావురా?" అంది అమ్మ.

"ఏం లేదు."

"సీటు గురించేనా?"

నేను హారన్ కొట్టి మలుపు తిప్పాను.

"నాకూ ఒక్క క్షణం అదే అనిపించింది," అంది అమ్మ. "నీ ఐదు వేలూ పోతాయని. అందుకే అంత గట్టిగా అరిచాను."

మర్నాడు కారు తిరిగిచ్చాను. 312 కి.మీ. అదనపు దూరానికి 120, సీటు క్లీనింగ్‌కి 600 డిపాజిట్లోంచి తగ్గాయి. ఆ 600కి వాళ్లు పంపిన ఫొటోని నేను డిలీట్ చెయ్యలేదు. మూడో రోజు ఏలూరు రైల్లో ఉండగా కొత్త నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. "పాప సార్. తల్లీ పిల్లా బాగున్నారు. అమ్మగారికి చెప్పండి." అమ్మ ఫోన్ లాక్కుని బరువెంత, పాలు పడ్డాయా, ఏం తింటోంది అని స్టేషన్ వచ్చేదాకా మాట్లాడింది.

చాలామంది ఫ్రెండ్స్ అరకు సెల్ఫ్ డ్రైవ్ టిప్స్ అడుగుతున్నారు. అందుకే రాస్తున్నా. పొద్దున్నే బయల్దేరండి. పెట్రోలు కిందే నింపుకోండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, పైన సిగ్నల్ ఉండదు. చీకటి పడకముందే ఘాట్ దిగేయండి. చిల్లర ఉంచుకోండి, సంతలో బేరమాడకండి. వెనక సీట్లో ఒక పాత దుప్పటి, ఒక ప్లాస్టిక్ షీటు పరిచి ఉంచండి.

అవి ఉంటే, ఎప్పుడైనా డోరు తియ్యాల్సి వచ్చినప్పుడు మీకు పది సెకన్లు పట్టకపోవచ్చు.