గొలుసుకు రెండో కొస

గొలుసు లేని కుక్క ఎదురొచ్చి దారిన పోయే మనిషి బిగుసుకుపోయినప్పుడు, దాని యజమాని దూరం నుంచే కేకేసి చెప్పే మాట దాదాపు ప్రతిచోటా ఒకటే: "భయపడకండి, మావాడు ఏమీ అనడు." ఆ మాట అనేవాళ్లు అబద్ధం చెబుతున్నారని నేను అనుకోను. పాలు మరిచీ మరవని రోజుల నుంచి పెంచిన ప్రాణి అది. ఎప్పుడు ఆకలేస్తుందో, ఏ మొరుగు ఎందుకో, తోక ఎలా ఊపితే ఆటో, చెవులు ఎలా వెనక్కి పెడితే బెదురో వాళ్లకు తెలుసు. చిక్కల్లా ఆ తెలివిడి ఎదుటి మనిషికి లేకపోవడమే. అతనికి ఉన్నది రెండు మూడు క్షణాల వ్యవధి, తన మీదికి దూసుకొస్తున్న ఒక బరువైన శరీరం, కనబడుతున్న పళ్లు. ఏళ్ల సహవాసంలో కుదిరిన నమ్మకాన్ని ఒక్క కేకతో ముక్కూమొహం తెలియని వాడికి అప్పగించడం ఎవరివల్లా కాదు. పెంపుడు కుక్కల గురించి మన కాలనీల్లో జరిగే వాదాలన్నీ కరుస్తుందా, కరవదా అన్న దగ్గరే తిరుగుతున్నాయి. అక్కడే పొరపాటు జరుగుతోందని నా అభిప్రాయం. తేల్చుకోవలసింది కుక్క స్వభావం కాదు. ఆ క్షణాన దాన్ని ఆపగల మనిషి దాని పక్కన ఉన్నాడా లేడా అన్నది.

2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్స్‌లో జరిగింది చూడండి. ఒక అపార్టుమెంటు మూడో అంతస్తుకు భోజనం పార్సిలు తెచ్చిన డెలివరీ కుర్రాడి మీదికి, తలుపు తీయగానే ఇంట్లోని జర్మన్ షెపర్డ్ ఎగబడింది. అతను పరుగెత్తాడు, కుక్క వెంటబడింది, తప్పించుకోబోయి పైనుంచి కిందపడ్డాడు. కొద్ది రోజులకు నిమ్స్ ఆసుపత్రిలో చనిపోయాడు. ప్రాణం తీసింది కాటు కాదు, పడినప్పుడు తగిలిన దెబ్బలు. అదే ఏడాది మే నెలలో మణికొండలో ఇంకో డెలివరీ యువకుడు డాబర్‌మన్‌కు జడిసి మూడో అంతస్తు నుంచి దూకేశాడు. గాయాలతో బతికి బయటపడ్డాడు. ఈ రెండు ఇళ్లలోనూ కుక్కను లోపలి గదిలో పెట్టి గడియ వేశాకే వీధి తలుపు తీసి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. అలా పరుగెత్తకూడదు, కదలకుండా నిలబడాలి అని సలహా చెప్పేవాళ్లు ఉంటారు. సలహా మంచిదే. కానీ మీదికి దూకుతున్న జంతువును చూసి పారిపోవడం మనిషికి పుట్టుకతో వచ్చిన గుణం, పారిపోయేదాన్ని తరమడం కుక్కకు పుట్టుకతో వచ్చిన గుణం. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుపడకుండా చూడడం కుక్క చెయ్యలేదు, వచ్చిన మనిషి చెయ్యలేడు. చెయ్యగలిగింది మూడో వ్యక్తి ఒక్కడే.

చట్టం ఈ సంగతిని చాలా కాలం కిందటే గ్రహించింది. 1860 నాటి భారత శిక్షా స్మృతిలో 289వ సెక్షన్ ఉండేది. ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అదే 291వ సెక్షన్‌గా కొనసాగుతోంది. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి గానీ, తీవ్రమైన గాయానికి గానీ ముప్పు కలిగే అవకాశం ఉన్నప్పుడు తగిన జాగ్రత్త తీసుకోకపోవడమే నేరం అంటుంది అది. ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదువేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇందులో గమనించవలసింది, కాటు పడ్డాకనే నేరం మొదలవుతుందని చట్టం అనలేదు. ముప్పుకు అవకాశం ఉండి జాగ్రత్త పడకపోతే చాలు. "ఇంతవరకు ఎవరినీ కరవలేదు" అన్న సమర్థన ఆ సెక్షన్ ముందు నిలవదు. మొదటిసారి కరిచే ప్రతి కుక్కా అంతకు ముందురోజు దాకా ఎవరినీ కరవని కుక్కే.

పిలిస్తే వచ్చేస్తుంది, బాగా శిక్షణ ఇప్పించాం, గొలుసు అక్కర్లేదు అని మరికొందరంటారు. శిక్షణ ఎంత మంచిదైనా దానికీ ఒక హద్దుంది. వినాయక నిమజ్జనం నాటి డప్పుల మోతకు, దీపావళి టపాకాయకు, గోడ మీద పిల్లికి, హఠాత్తుగా పక్కనుంచి దూసుకుపోయే బైకుకు ఏ కుక్క ఎలా స్పందిస్తుందో దాన్ని నేర్పిన శిక్షకుడు కూడా ముందుగా చెప్పలేడు. పైగా అది రోడ్డుకు అడ్డంగా పరుగెత్తినప్పుడు ముందు పోయేది దాని ప్రాణమే. బండి నడిపేవాడు దాన్ని తప్పించబోయి పడిపోతే అతని ప్రాణం కూడా.

గొలుసు లేని కుక్కల మీద ఫిర్యాదులు తక్కువగా వస్తున్నాయంటే ఇబ్బంది తక్కువగా ఉందని కాదు. ఇబ్బంది పడేవాళ్లు ఎవరో చూస్తే కారణం తెలుస్తుంది. గేటెడ్ కమ్యూనిటీలో, అపార్టుమెంట్లలో రోజూ ఇంటింటికీ తిరిగేది పనిమనుషులు, పాలు వేసేవాళ్లు, పేపరు కుర్రాళ్లు, సిలిండరు మోసేవాళ్లు, చెత్త తీసుకెళ్లేవాళ్లు, డెలివరీ వాళ్లు. నాలుగిళ్లలో అంట్లు తోముకునే ఆమె లిఫ్టులో కుక్క మీదికొచ్చిందని అసోసియేషన్ సెక్రటరీకి కాగితం రాసివ్వదు. అమ్మగారికి కోపం వస్తే ఒక ఇల్లు పోతుందని తెలుసు కనుక, మర్నాటి నుంచి మెట్లెక్కి వెళుతుంది. డెలివరీ కుర్రాడు ఒక్క ఫిర్యాదు చేస్తే తనకొచ్చే రేటింగు ఏమవుతుందో అనుకుంటాడు. వాచ్‌మన్ సంగతి ఇంకా కష్టం. ఆ కుక్కను తెల్లవారుజామున తిప్పే పని కూడా చాలాచోట్ల అతని మీదే పడుతుంది. దాని బలానికి అతను చాలడో లేదో ఎవరూ అడగరు. 2024 మే నెలలో చెన్నై నుంగంబాక్కంలోని కార్పొరేషన్ పార్కులో రెండు రాట్‌వీలర్ కుక్కలు ఐదేళ్ల పాప మీద పడి తల చీల్చాయి. ఆ పాప ఎవరో కాదు, ఆ పార్కు కాపలాదారు కూతురు. యజమానిని అరెస్టు చేశారు, దేశమంతా వార్త అయింది. అంత రక్తం కారితే తప్ప ఇలాంటి ఇళ్ల పిల్లల భయం ఎవరి చెవికీ ఎక్కడం లేదు. కుక్కల యజమానులు తమ చుట్టూ వినబడే నిశ్శబ్దాన్ని సమ్మతిగా భావిస్తున్నారు. అది అణకువతో కూడిన భయం అని గుర్తిస్తే వాళ్లలో చాలామంది నొచ్చుకుంటారనే నా నమ్మకం. ఎందుకంటే ఒక మూగజీవి కష్టాన్ని కళ్లలో చూసి పసిగట్టగలిగిన మనుషులు వాళ్లు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. వీధుల నిండా వీధికుక్కలు గుంపులు గుంపులుగా తిరుగుతుంటే, ఇంట్లో టీకాలు వేయించి పెంచుకునే కుక్కల మీద ఈ పట్టింపు ఏమిటి అని. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాడిని చంపినవి వీధికుక్కలే. 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాటు కేసులు నమోదయ్యాయని కేంద్రం చెప్పిన లెక్క కూడా ఉంది. వీధికుక్కల సమస్య పెద్దదే, దాని జవాబుదారీ మునిసిపాలిటీలది. కానీ పెద్ద సమస్య ఉందని చిన్న బాధ్యతను వదిలేస్తే రెండూ అలాగే ఉంటాయి. పైగా ఇవి రెండూ వేరువేరు కథలు కావు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించని పెంపుడు కుక్కను సాయంత్రం వీధిలోకి వదిలితే పుట్టే పిల్లలు ఏ ఇంటివీ కావు, వీధివే. ముద్దుగా ఉన్నప్పుడు కొని, బదిలీ అయ్యాకో, జబ్బు చేశాకో ఊరి చివర వదిలేసిన కుక్కలు చేరేదీ ఆ గుంపుల్లోకే. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు పెంపుడు జంతువుకు టీకాలు, నట్టల మందు, ఆపరేషన్ యజమాని బాధ్యతే అని స్పష్టంగా చెప్పాయి. కుక్కను దిక్కులేకుండా వదిలేయడం 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం నేరం. దానికి మొదటిసారి పడే జరిమానా పది నుంచి యాభై రూపాయలు మాత్రమే! అరవై ఏళ్లు దాటినా ఆ గరిష్ఠ అంకె పెరగలేదు. వీధికుక్కల మీద టీవీల్లో గొంతు చించుకునేవాళ్లు, కుక్కల తరఫున కోర్టులకెక్కేవాళ్లు కలిసి అడగగలిగిన మార్పు ఏదైనా ఉంటే అది ఇదే.

వీధికుక్కకూ పెంపుడు కుక్కకూ తేడా కాటు పడ్డాక మరింత తెలుస్తుంది. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. ఆ మరణాలు ఎలా ఉంటాయో హైదరాబాదు నల్లకుంటలోని కోరంటి (ఫీవర్) దవాఖానలో పనిచేసిన వాళ్లకు తెలుసు. కరిచిన కుక్క కళ్ల ముందే ఉంటే పది రోజులు గమనించవచ్చు. ఆలోగా దానికి ఏమీ కాకపోతే, అది కరిచిన నాటికి దాని నోట్లో రేబీస్ లేదన్నమాట. ఆ భరోసా వీధికుక్క విషయంలో దొరకదు, పెంపుడు కుక్క విషయంలో దొరుకుతుంది. దాన్ని ఇవ్వగలిగింది యజమాని. అందువల్ల తన కుక్క ఎవరినైనా కరిస్తే, గీరినా సరే, అతను చేయవలసింది వాదన కాదు. గాయాన్ని అక్కడికక్కడే సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగించాలి. పసుపూ కారమూ అద్దనివ్వకూడదు. టీకా కార్డు చూపించాలి, ఆసుపత్రికి తోడు వెళ్లాలి, సూదుల ఖర్చు భరించాలి. కార్డు ఉంది కదా అని సూదులు ఆపించకూడదు, అవసరమో కాదో డాక్టరు చెబుతాడు. పది రోజులు కుక్కను ఎక్కడికీ పంపకుండా కట్టడిలో ఉంచి, దాని కబురు బాధితుడికి చెబుతుండాలి. ఇప్పుడు జరుగుతున్నది ఎక్కువగా దీనికి విరుద్ధం. కరిచింది మా కుక్క కాదనడం, నువ్వే దాన్ని రెచ్చగొట్టావనడం, రాత్రికి రాత్రి దాన్ని బంధువుల ఊరికి పంపేయడం. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకున్న కాలాన్ని పెద్దవాళ్లు ఇంకా మరిచిపోలేదు. ఇప్పుడు చేతికి వేసే నాలుగైదు సూదులతో పోతుంది. అయినా వాటికోసం మానుకునే రోజుకూలీ ఎవరిది?

కుక్కను ఎప్పుడూ కట్టేసి ఉంచడం హింస కాదా అన్న ప్రశ్నకు నా జవాబు: హింసే. 1960 చట్టం కూడా అలాగే అంటుంది. ఎప్పుడూ కట్టేసో బంధించో ఉంచే కుక్కను తగినంతగా తిప్పకపోవడం దాని ప్రకారం నేరం. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. పగలంతా బాల్కనీలో మూడడుగుల గొలుసుతో ఉంచి, సాయంత్రం పది నిమిషాలు ఒక్కసారిగా వదిలేస్తారు. పోగుపడిన ఉద్రేకమంతా అప్పుడు వీధి మీద పడుతుంది. గొలుసు చేతిలో పట్టుకుని రోజుకు రెండుసార్లు తీరిగ్గా నడిపించడానికి సమయం లేనివాళ్లు కుక్కను తెచ్చుకునే ముందు మరోసారి ఆలోచించాలి. స్వేచ్ఛగా పరుగెత్తే చోటు కావాలన్న కోరిక మాత్రం న్యాయమైనది. కొండాపూర్‌లో హైదరాబాదు నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) 2018లో కుక్కల కోసమే ఒక పార్కు తెరిచింది. ఇంత పెద్ద నగరానికి అలాంటివి పేటకొకటి కావాలి. న్యూయార్క్‌లో ఎంపిక చేసిన కొన్ని పార్కుల్లో ఉదయం తొమ్మిది లోపు, రాత్రి తొమ్మిది తర్వాత కుక్కలను విప్పి వదలవచ్చు. మిగతా వేళల్లో గొలుసు తప్పదు. కుక్కంటే భయమున్నవాళ్లకు ఏ వేళకు రావాలో, ఎటు వెళ్లకూడదో ముందే తెలుస్తుంది. నమాజుకు వెళ్లే మనిషి దుస్తులకు కుక్క చొంగ అంటకుండా చూసుకోవాలన్నా, మోకాళ్ల నొప్పులున్న ముసలావిడ నిశ్చింతగా నాలుగడుగులు వేయాలన్నా ఇలాంటి ఏర్పాటు ఉంటే చాలు. వాళ్లకు కుక్కలంటే ద్వేషమని ముద్ర వేయడం అన్యాయం.

జాతిని బట్టి నిషేధిస్తే సరిపోతుందన్నది నాకు నచ్చని మార్గం. 2024 మార్చిలో కేంద్రం 23 రకాల కుక్కలను క్రూరమైనవిగా పేర్కొంటూ సర్క్యులర్ ఇచ్చింది, కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. రాట్‌వీలర్ ఆ జాబితాలో ఉంది. బంజారాహిల్స్‌లో, మణికొండలో మనుషులను పరుగెత్తించిన జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ లేవు. పెద్ద కుక్కలకు రద్దీలో మూతి చిక్కం వేయడం మంచిదే, కానీ జాతి పేరు మీద నిషేధం పెడితే యజమాని నిర్లక్ష్యం మరో జాతి మీదికి మారుతుంది.

అసోసియేషన్లు అతి చేయడం కూడా నిజమే. లిఫ్టు ఎక్కనివ్వం, కుక్క ఉన్నవాళ్లకు ఫ్లాటు అద్దెకివ్వం, మొరిగితే జరిమానా అంటూ తీర్మానాలు చేస్తారు. అవి చెల్లవని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మార్గదర్శకాలే బహిరంగ స్థలాల్లో గొలుసు వాడమని, కుక్క వేసిన పెంటను యజమానులే ఎత్తమని కూడా చెబుతున్నాయి. మొదటి సగాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పంచుకునేవాళ్లు రెండో సగాన్ని కూడా పంచుకోవాలి. తెల్లవారి చీపురు పట్టుకుని వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలు ఆ పెంటను ఎత్తడానికి జీతం తీసుకోవడం లేదు. చేతిలో ఒక పాత పేపరో, కవరో ఉంటే అయిపోయే పని.

అసోసియేషన్లు చేయగలిగిన, చేయవలసిన పని ఇంకోటి ఉంది. ఏ ఫ్లాటులో కుక్క ఉందో, దాని టీకా తేదీ ఏమిటో, మునిసిపల్ లైసెన్సు ఉందో లేదో గేటు దగ్గర రిజిస్టరులో రాసి ఉంచడం. ఆ ఇంటికి వచ్చే డెలివరీ వాళ్లకు కింద నుంచే ఇంటర్‌కామ్‌లో చెప్పించి, కుక్కను లోపల పెట్టామన్న మాట విన్నాకే పైకి పంపడం. నెలకోసారి జరిగే మీటింగుకు వాచ్‌మన్‌ను, ఊడ్చేవాళ్లను, ఇళ్లలో పనిచేసేవాళ్లను పిలిచి, ఏ అంతస్తులో ఏ కుక్కతో ఇబ్బంది ఉందో పేరు బయటపడకుండా చెప్పుకునే వీలు కల్పించడం. వాళ్లు చెప్పింది మినిట్స్ పుస్తకంలో రాసి, తర్వాతి మీటింగులో ఆ ఇంటి యజమాని ఏం చేశాడో అందరి ముందూ అడగడం.