ట్రంకు పెట్టెలో జమేదారు

మే నెలలో విశాఖ ఫిషింగ్ హార్బర్ ఎప్పుడైనా చూశారా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు వేట నిషేధం. తెల్లారకముందే వేలంపాటలతో దద్దరిల్లే జెట్టీ అప్పుడు చప్పబడిపోతుంది. బోట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. ఒకరు బోటుకి రంగేస్తుంటారు, ఇంకొకరు వల బాగుచేసుకుంటుంటారు. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ.

నేను వెళ్లింది చేపల కోసం కాదు, ఒక కాగితం కోసం.

వారమంతా కోడ్ రాస్తాను. ఆదివారం వస్తే పాత మిలిటరీ కాగితాల వేట. ముఖ్యంగా కమిషన్లు. ఒకరిని ఆఫీసరుగా నియమిస్తూ రాజు పేరుతోనో, వైస్రాయ్ పేరుతోనో ఇచ్చే పత్రాలన్నమాట. నీ విధేయత మీద, ధైర్యం మీద మాకు నమ్మకం ఉందనే ధోరణిలో నడుస్తాయి. కింద సంతకం.

కొత్తవాళ్లు మోసపోయేది ఆ సంతకం దగ్గరే. విక్టోరియా రాణి సంతకం కోసం కాగితాలు గుట్టలుగా పేరుకుపోతే, ఆమె సంతకం లేకుండానే కమిషన్లు ఇవ్వొచ్చని 1862లో బ్రిటన్‌లో చట్టమే చేశారు. తర్వాతి రాజుల కాలంలో చాలావాటి మీద ఉన్నది స్టాంపు సంతకం. అందుకే నా బ్యాగులో భూతద్దం ఉంటుంది. కలంతో రాస్తే సిరా ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉంటుంది. స్టాంపుకి ఆ తేడా ఉండదు.

ఈ పిచ్చి పట్టడానికి మా ఊరే కారణం. 1780 అక్టోబరు 3న, హైదర్ అలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు వెళ్లమంటే విశాఖలోని కంపెనీ సిపాయిలు ఎక్కం అన్నారు. తుపాకులు ఎత్తారు. 1857కి 77 ఏళ్ల ముందు! వాళ్లని నడిపించింది ఒక సుబేదారు. అలాంటి వాళ్ల చేతిలోని కాగితం ఒక్కటైనా దొరక్కపోతుందా అని నా ఆశ.

జెట్టీ పక్క టీ కొట్టు దగ్గర ఒక తాత పాలిథిన్ కవరు విప్పాడు. "మా నాన్నది బాబూ. పట్టాళంలో జమేదారట. ఎనిమిదేలిచ్చీ, పట్టుకుపో. వల బాగుసేయించుకోవాల."

1943 నాటి వైస్రాయ్ కమిషన్. భారతీయ సైనికులు ఎక్కువ మంది అందుకోగలిగిన హోదా అది. జమేదారు, సుబేదారు ఎంత సీనియరైనా, నిన్న మొన్న వచ్చిన తెల్ల ఆఫీసరుకి కిందే. స్వతంత్రం వచ్చాక, 1965లో జమేదారు పేరు నాయిబ్ సుబేదారుగా మారింది.

జేబులో పది వేలున్నాయి. చెయ్యి దురద పెడుతోంది. అప్పుడే తాత మనవరాలు వచ్చింది, ఇంటర్ పిల్ల. కాగితం తీసుకుని, ఆ గొలుసుకట్టు ఇంగ్లీషులో ఉన్న పేరుని కూడబలుక్కుని పైకి చదివింది. తాత కదల్లేదు.

"ఇంకోసారి సదువమ్మా."

మళ్లీ చదివింది. ఆ కాగితంలో ఏం రాసుందో ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ చదవలేదట. తాత కవరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఏటనుకోకు బాబూ, ఇవ్వను."

ఏమనుకుంటాను? ఫొటో తీసుకోనిమ్మంటే సరేనన్నాడు. వల ఖర్చుకి రెండు వేలు చేబదులు ఇస్తానంటే చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి, "జూన్‌లో వేటకెళ్లొచ్చాక ఇచ్చేస్తా" అని లెక్క చెప్పి మరీ తీసుకున్నాడు.

లేచేముందు మనవరాలికి నాకు తెలిసింది చెప్పాను, మీకూ చెప్తున్నా. ఇలాంటి కాగితాలకి లామినేషన్ చేయించొద్దు, టేప్ అంటించొద్దు. సముద్రపు గాలికి పాలిథిన్ కవర్లో చెమ్మ పడుతుంది. ఆమ్లం లేని కాగితంలో పెట్టి, పొడి చోట దాచాలి. చరిత్ర విలువ ఉన్న రాతప్రతికి 75 ఏళ్లు దాటితే 1972 చట్టం ప్రకారం అది పురావస్తువు. సొంతంగా విదేశాలకి అమ్మి పంపడం నేరం.

ఆ ఆదివారం ఖాళీ చేతులతో ఇంటికొచ్చాను. నా ఫైల్లో ఆ కమిషన్ లేదు. ఫోన్లో ఫొటో ఉంది, అంతే. ఈసారి ఊరెళ్లినప్పుడు మీ అటక మీది ట్రంకు పెట్టె ఒకసారి దించండి. అందులో ఉన్న పేర్లు పైకి చదవండి.