అల్మరా తాళము

మా అమ్మకు షుగరు వ్యాధి వచ్చి 14 సంవత్సరములైనది. రాత్రి రెండు చపాతీలు, కాస్త ఆకుకూర తిని, కుటుంబ ప్రార్థన కాగానే పడుకుంటుంది. అయినను తెల్లవారి వేలు గుచ్చి మిషనులో చూస్తే 190, ఒక్కొక్కనాడు 210. అన్నము తిన్న తరువాత పెరిగిందంటే అర్థమున్నది. ఏమీ తినని రాత్రి ఎలా పెరుగుతుంది?

గత సంవత్సరము క్రిస్మసుకు అరిసెలు వండినప్పుడు నా భార్యకును నాకును ఒకే అనుమానము కలిగినది. పైకి అనలేదు గాని డబ్బాను అల్మరాలో పెట్టి తాళము వేశాము. అమ్మ చూచినది. “నేనేమీ తినలేదురా. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమంటావా?” అన్నది. నేను సంఘపెద్దను. “వద్దులే అమ్మా” అని తప్పించుకొన్నాను గాని తాళము తీయలేదు.

పండుగకు మా తమ్ముని కుమారుడు హైదరాబాదు నుండి వచ్చాడు. వాడికి మందుల పరిశోధనశాలలో ఉద్యోగము. అమ్మ వాడితో మొర పెట్టుకొన్నది. వాడు నవ్వి, “నాయనమ్మా, నువ్వు తినలేదు. నీ కార్జమే నీకు పెట్టింది” అన్నాడు.

వాడు చెప్పినది ఇది. క్లోమములో పుట్టేది ఇన్సులిన్ ఒక్కటే కాదు, గ్లూకగాన్ అనేది కూడ ఉన్నది. 1923లో అమెరికాలో కింబాల్, మర్లిన్ అనువారు దానిని గుర్తించి పేరు పెట్టారు. ఇన్సులిన్ చక్కెరను దించితే, ఇది పెంచుతుంది. మనము నిద్రపోయినా, ఉపవాసమున్నా మెదడుకు చక్కెర అందాలి గదా! అప్పుడు కార్జము దాచుకొన్నదానిని బయటకు తీయించేది, క్రొత్తగా చేయించేది ఇదే. అది లేకపోతే ఉపవాస కూడికలో సగము మంది కళ్లు తిరిగి పడిపోతారేమో. అయితే షుగరు ఉన్నవారిలో చాలామందికి ఇది అవసరమునకు మించి ఊరుతుంది. అందుచేత రాత్రంతా కార్జము పంచుతూనే ఉంటుంది.

“దానిని ఆపే మందు లేదా?” అన్నది అమ్మ.

“మా దగ్గర చిన్న సీసాలో తెల్లని పొడి ఉన్నది” అన్నాడు వాడు. కార్జపు కణముల మీద తాళములవంటివి ఉంటాయి, గ్లూకగాన్ తాళపుచెవివలె వాటిలో తిరుగుతుంది. ఈ పొడి ఆ తాళములో దూరి తిరగకుండ కూర్చుంటుంది. శరీరములో వేరే తాళములు ఎన్నో ఉన్నా వాటి జోలికి పోదు. సీసా మీద మాత్రము, పరిశోధనకే గాని మనుష్యులకు వాడరాదని వ్రాసి ఉంటుందట.

అమ్మ ముఖము వెలిగినది. “కొంచెము జేబులో వేసుకొని రాలేకపోయావా?”

వాడు నవ్వలేదు. ఇటువంటిదే ఒకటి, లిల్లీ కంపెనీవారు ఎల్‌వై 2409021 అని నంబరు పెట్టినది, రోగులకు 24 వారముల వరకు ఇచ్చి చూచారు. ఫలితములు 2016లో అచ్చయినవి. షుగరు నిజముగానే దిగింది. కాని కార్జపు పరీక్షలలో ఎంజైములు పెరిగినవి. మరొక పరీక్షలో కార్జమునకు కొవ్వు పట్టుట, రక్తపోటు పెరుగుట కూడ కనబడినవి. అది మందుల దుకాణము వరకు రానేలేదు. “ఒక తాళము మూస్తే ఇల్లంతా బాగుపడుతుందనుకున్నారు నాయనమ్మా. నీ సూది మానవద్దు. పొద్దుటి లెక్కలు వ్రాసి డాక్టరుగారికి చూపించు, రాత్రి మోతాదు ఆయన చూసుకుంటారు” అన్నాడు.

నేను తల వంచుకొని విన్నాను. 210 చూచిన ప్రతి ఉదయము ఆమె వైపు నేను ఎలా చూచానో ఆమెకు తెలుసు, నాకును తెలుసు.

ఆ రాత్రి అల్మరా తాళము తీసి, తాళపుచెవి అమ్మ మంచము మీద పెట్టాను. క్షమించమని అడిగాను. ఆమె ఏమీ అనకుండ దానిని దిండు క్రింద పెట్టుకొన్నది.

తెల్లవారి చూస్తే 198. డబ్బాలో అరిసెలు లెక్కపెట్టాలని నాకు మరల అనిపించినది. లెక్కపెట్టలేదు. నోటు పుస్తకములో తేదీ వేసి అంకె వ్రాశాను. అమ్మ సూది తెమ్మన్నది.