ఊదించడం వచ్చిన మనిషి కావాలి

గుంటూరులో ఒక ఛాతీ వైద్యుడి క్లినిక్ అది. నేను వెళ్లేసరికే వరండా నిండా దగ్గులు. ఆయాసమంటూ వచ్చినవాళ్లని ఇక్కడ స్పైరోమెట్రీకి, అంటే ఊదించి ఊపిరి కొలిచే పరీక్షకి, ఇంకోరోజు రమ్మనరు. డాక్టరుగారి గదిలోకి వెళ్లేముందే ఊదించేస్తారు. రోజూ ఇదెలా కుదురుతోందో చూద్దామని వెళ్లాను.

జాన్ హచిన్సన్ 1846లో లండన్‌లో లోకానికి చూపిన స్పైరోమీటరు నీళ్ల తొట్టితో నడిచే పెద్ద సరంజామా. ఇక్కడిది అరచేతిలో పడుతుంది, ల్యాప్‌టాప్‌కి తగిలించారు. టెక్నీషియన్ అమ్మాయి పొద్దున్నే మూడు లీటర్ల సిరంజితో గాలి తోసి, కొలతలో తేడా మూడు శాతం దాటలేదని చూసుకుంది. ఈమధ్య గుండెపోటు గానీ, కంటి ఆపరేషన్ గానీ అయిందా అని ప్రతివాళ్లనీ అడుగుతోంది.

ఓ మామ్మ కూర్చుంది. ముక్కుకి క్లిప్పు, నోట్లో ఫిల్టరున్న గొట్టం. "నిండా పీల్చు మామ్మా... ఇప్పుడు ఊదెయ్! ఊదు, ఊదు, ఆపకు, ఇంకా, ఇంకా!" తెరమీద గీత నిటారుగా లేచి రెండు సెకన్లకే తెగిపోయింది. రెండోసారి దగ్గు అడ్డుపడింది. మూడోసారికి దారిలో పడింది. కనీసం మూడుసార్లు సరిగ్గా ఊదాలి, మెరుగైన రెంటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు మించకూడదు. మామ్మకి ఐదుసార్లు పట్టింది.

తర్వాత స్పేసరుతో శ్వాసనాళాలు తెరిచే సాల్బుటమాల్ నాలుగు పఫ్‌లు. పావుగంట ఆగి మళ్లీ ఊదాలి. రద్దీ క్లినిక్‌లో ఈ పావుగంటే పెద్ద చిక్కు. ఇక్కడ ఆ ఖాళీలో తర్వాతి మనిషిని కూర్చోబెడతారు.

మందు పనిచేశాక కూడా మామ్మ తొలి సెకనులో వదిలిన గాలి మొత్తంలో 58 శాతమే. 70 లోపు ఉంటే సీఓపీడీని, అంటే శ్వాసనాళాలు మూసుకుపోయే దీర్ఘకాలిక జబ్బుని, అనుమానించాలి. మామ్మ బీడీ ముట్టింది లేదు, బతుకంతా కట్టెల పొయ్యి దగ్గరే. ఇన్నాళ్లూ ఉబ్బసమనుకుని బిళ్లలు మింగుతోందట.

ఇంకా తేలిక చేయలేరా అని డాక్టరుగారిని అడిగాను. "పెద్దవాళ్లకి ఆరు సెకన్ల ఊదుడుతో సరిపెట్టొచ్చు. మూడుసార్లు కుదరాలన్న నియమం మాత్రం సడలించను. తప్పుడు గీత చూసి మందు రాయడంకంటే పరీక్ష చేయకపోవడమే నయం" అన్నారు.

మామూలుగా ఊపిరి తీస్తుంటేనే కొలిచే ఆసిలోమెట్రీ ఉంది. బలంగా ఊదలేని పిల్లలకి అది సుఖం. అయినా సీఓపీడీ తేల్చడానికి స్పైరోమెట్రీయే కావాలి. అందుకే ఆయన కొత్త యంత్రం ఆలోచన పక్కనపెట్టి, ఊదించడం నేర్చుకోవడానికి ఇంకో అమ్మాయిని పనిలో పెట్టుకున్నారు.