వాయునౌకలు – పేరులేని చేతులు

వాయునౌకల చరిత్రము తెరచినచో మనకు మొదట కానవచ్చునవి పురుషుల పేర్లే. 1783లో ఫ్రాన్సు దేశమున వేడిగాలితో బెలూను నెగురవేసినవారు మోంగోల్ఫియర్ సోదరులు. 1900లో కాన్‌స్టన్స్ సరస్సుపై పెద్ద వాయునౌకను నడపించినవాడు జెప్పెలిన్ ప్రభువు. ఈ పేర్లు గ్రంథముల కెక్కుట న్యాయమే. కాని యా నౌకలను గాలిలో నిలిపిన చేతిపని యొకటి కలదు. దానినిగూర్చి చదివినకొలది మాకు మనస్సున నొక వెలితి తోచుచున్నది.

వాయునౌక గాలికంటె తేలికయైనది. దాని కడుపులోని సంచులలో ఆనాడు హైడ్రోజన్ వాయువు నింపెడివారు. ఆ వాయువు మామూలు గుడ్డలో నిలువదు. రబ్బరు పూసిన గుడ్డ నిలుపును గాని బరువెక్కువ. దీనికి ఉపాయము ఐరోపాలో బంగారు రేకులు సాగగొట్టువారి యొద్ద దొరకినది. వారు రేకుకు రేకుకు నడుమ నెద్దుప్రేగు మీది పలుచని పొర నుంచెడివారు. వినుటకు మనకు రోతగానే యుండును. కాని యా పొర తేలికయైనది, గట్టిది. తడిగా నున్నపుడు ఒకదానిపై నొకటి పరచినచో జిగురు లేకయే యతుకుకొనును. పొర యొక్కటి మహా యయితే రెండు మూరల పొడవు, జానెడు లోపు వెడల్పు. ఒక నౌకకు అట్టివి లక్షలకొలది కావలెను.

ఇంగ్లండులోని కార్డింగ్‌టన్‌లో ఈ పని స్త్రీలు చేసిరి. తడిపొరలను బల్లపై పరచి, క్రొవ్వు గీకి, చిల్లి పడకుండ సవరించి, గుడ్డకు అంటించిరి. బియ్యములో రాళ్లేరు చేతులకు ఆ యోర్పు ఎట్టిదో వేరుగ చెప్పవలెనా?

అట్టి సంచులతో సిద్ధమైనదే 777 అడుగుల పొడవు గల ఆర్ 101. అది 1930 అక్టోబరు 4వ తేది సాయంకాలము, నాడు మన దేశములోనిదైన కరాచీకి బయలుదేరెను. తెల్లవారకమునుపే ఫ్రాన్సులో బోవే పట్టణము చెంత కూలి, కాలిపోయెను. అందున్న 54 మందిలో 48 మంది మరణించిరి. విచారణ జరిపినవాడు సర్ జాన్ సైమన్. 1928లో మనవారు నల్లజెండాలు చూపి పొమ్మన్న సైమనే. ముందరి సంచులలోని వాయువు పోవుటయే యాపదకు మూలమని యతని నివేదిక తలచెను. మృతుల పేర్లన్నియు కార్డింగ్‌టన్‌లోని సమాధిపై చెక్కబడినవి. పొరలు గీకిన స్త్రీల పటములు కొన్ని మిగిలినవి. మేము చూచినవాటిలో వారి పేర్లు మాత్రము లేవు.

స్త్రీయగుటచేతనే మరపు కలిగినదనుకొందమా? అదియును కాదు. 1784లో లియోన్ నగరమున బెలూనెక్కిన ఎలిజబెత్ తీబ్లు పేరు నిలిచినది. 1929లో గ్రాఫ్ జెప్పెలిన్ నౌకలో భూమిని చుట్టివచ్చిన ప్రయాణికులలో ఏకైక స్త్రీ గ్రేస్ డ్రమ్మండ్ హే. ఆమె చూచినదెల్ల పత్రికలకు వ్రాసినది. వారిని గూర్చి యొకరు వ్రాసిరి, లేదా వారే వ్రాసుకొనిరి. ఎగిరినవారిని లోకము చూచును. ఎగురుటకు సంచి కుట్టినవారిని చూడదు.

మా యింట నొక పాత బొంత కలదు. కుట్టు పూసగ్రుచ్చినట్లుండును. కుట్టినది మా నాయనమ్మగారో, ఆమె తోడికోడలో చెప్పగలవా రిప్పుడొక్కరును లేరు. అది చూచినపుడెల్ల కార్డింగ్‌టన్ బల్లల చుట్టు నిలిచిన యా స్త్రీలు మాకు పరాయివారుగా తోచరు.

కనుక మా మనవి యింతే. ఇంటిలోని పాత పటముల వెనుక పేర్లు వ్రాయుడు. పెద్దలుండగానే వారి నడిగి, యెవరి చేత నేది తయారైనదో పద్దుపుస్తకములో నొక పుట నుంచుడు. దీనికి పాండిత్యమక్కరలేదు, పెన్సిలు ముక్క చాలును.