నంబరు మార్చాను

“ఫోన్ కాస్త పక్కన పెట్టండి, మనసు కుదుటపడుతుంది” అని ఈమధ్య ప్రతి సభలోనూ ఎవరో ఒకరు చెబుతున్నారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ పక్కన పెట్టే వీలు ఎవరికుంది?

మా ఇంట్లో పాల లెక్క, బాబు స్కూలు గ్రూపు, అత్తయ్యగారి మందులు, గ్యాస్ బుకింగు, చుట్టాల పెళ్ళిరోజులు... అన్నీ నా ఫోన్‌కే వస్తాయి. మా ఆయన ఫోన్లో వార్తలూ, క్రికెట్టూ ఉంటాయి. ఒకే వస్తువు ఆయనకి కాలక్షేపం, నాకు సంచిలో మోసే వంటిల్లు. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిచాకిరీ చేసే ఆడవాళ్ళకి అందులోనే రోజుకి 289 నిమిషాలు పోతున్నాయి, చేసే మగవాళ్ళకి 88. ఫోన్లో చేసే చాకిరీని మనం కూడా పనిగా లెక్కపెట్టుకోం!

అలాగని ఫోన్‌ని తిట్టిపోయలేను. 2019లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అడిగినప్పుడు, తెలంగాణలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 27 మంది కూడా లేరు. పురుషులు 57 మంది. నాంపల్లిలో మా వీధిలో ఇస్త్రీ చేసే ఆమె జగదీష్ మార్కెట్‌లో పాత ఫోన్ కొనుక్కుంది. దాని లాక్ నంబరు భర్తకి చెప్పలేదు. కాసేపు ఆపెయ్యరాదా అన్నాను. “బందు పెడితే హాస్టల్ల ఉన్న నా బిడ్డ ఎవరికి చేస్తదమ్మా?” అంది. ఆమెకి అది తనదంటూ ఉన్న ఒకే ఒక్క తలుపు. మూసెయ్యమని చెప్పడానికి నేనెవర్ని?

కాబట్టి సమతూకం గంటల లెక్క కాదనిపించింది. ఆ గంటల మీద హక్కు ఎవరిదన్నదే అసలు లెక్క. స్కూలు గ్రూపులో నా నంబరు తీయించి బాబు వాళ్ళ నాన్న నంబరు పెట్టించాను. “ఇంతమాత్రం చూసుకోలేవా?” అని వారం రోజులు ఇంట్లో రుసరుసలు. అందరూ రంగు బట్టలు వేసుకొచ్చిన రోజున మావాడు యూనిఫాంలో వెళ్ళాడు. కొంపేమీ మునగలేదు. మర్నాటి నుంచి ఆయనే మెసేజీలు చూస్తున్నారు.

ఇప్పుడు ఆదివారం పొద్దున నేను ఆబిడ్స్‌లో ఉంటాను. మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల మధ్య రెండు గంటలు. ఫోన్ సంచిలోనే ఉంటుంది, మోగితే తీస్తాను కూడా. కానీ అది మోగడం బాగా తగ్గింది.